ఉన్ని బట్టల ఎంపిక: మంచు ప్రాంతాలకు వెళ్లే ఉదయగిరి, ఆత్మకూరు కుటుంబాలు తెలుసుకోవాల్సిన విషయాలు

నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతంలో గొర్రెలకు కొదవ లేదు. ఉదయగిరి, వింజమూరు, మర్రిపాడు, ఆత్మకూరు వైపు ఏ ఊరికి వెళ్లినా మందలు కనబడతాయి. కానీ ఆ గొర్రెల నుంచి ఒక్క స్వెటర్ కూడా తయారు కాదు. నెల్లూరు జాతి ఉన్ని గొర్రె కాదు, వెంట్రుకల గొర్రె. ఒళ్లంతా తెల్లగా ఉండే పల్ల, మూతి చుట్టూ, కళ్ల చుట్టూ నల్ల మచ్చలుండే జోడిపి, ఎర్ర గోధుమ రంగు దొర, ఈ మూడు రకాలనూ పెంచేది మాంసం కోసమే. ఇక్కడి ఎండలకు తట్టుకునేలా పొట్టి వెంట్రుకలతో ఉండే జాతి ఇది. కాపరుల భుజాన కనిపించే నల్ల గొంగళి దక్కనీ గొర్రెల ఉన్నిది. అది అనంతపురం, కర్నూలు, తెలంగాణ, కర్ణాటక వైపు నుంచి వస్తుంది.

అందుకే ఈ ప్రాంతంలో ఉన్ని బట్ట ఎంచుకోవడం చాలా ఇళ్లలో అలవాటు లేని పని. ఇక్కడ డిసెంబరు తెల్లవారుజామున కూడా చలి 20 డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది. ఒక దుప్పటి, చెవులకు మఫ్లర్ ఉంటే సరిపోతుంది. అదే అంచనాతో కాశ్మీర్ వెళ్తే ఇబ్బంది తప్పదు.

ఎవరికి అవసరం?

కాశ్మీర్ యాత్రకు వెళ్లే కుటుంబాలు, కిర్గిజ్‌స్తాన్, కజకిస్తాన్, రష్యాలకు ఎంబీబీఎస్ చదువుకు వెళ్లే పిల్లలు, కువైట్‌లో పనిచేసేవారు, చలికాలంలో ఉమ్రాకు వెళ్లేవారు, వీళ్లందరికీ ఈ సమాచారం పనికొస్తుంది. 2025 జూన్‌లో కట్రా–శ్రీనగర్ మధ్య రైలు మొదలయ్యాక కాశ్మీర్ వెళ్లడం ఇంకా తేలికైంది. గుల్మార్గ్‌లో స్కీయింగ్ నేర్చుకునే అవకాశం కూడా ఉంది.

అన్ని చలులూ ఒకటి కావు. హార్సిలీ హిల్స్, లంబసింగి, అరకు లాంటి చోట్లకు ఒక మామూలు స్వెటర్, ఒక శాలువా చాలు. కువైట్ ఎడారిలో జనవరి రాత్రులు 10 డిగ్రీల కిందికి దిగుతాయి, పైగా గాలి కోస్తుంది. ఆరుబయట కాపలా, డ్రైవింగ్ పని ఉన్నవాళ్లకు లోపల ఒక ఉన్ని బనీను, పైన గాలి ఆపే జాకెట్ అవసరం. గుల్మార్గ్ సంగతి పూర్తిగా వేరు. ఆ ఊరు సముద్రమట్టానికి సుమారు 2,650 మీటర్ల ఎత్తున ఉంది. గొండోలా రెండో దశ ఎక్కితే అఫర్వాట్ కొండపై దాదాపు 3,950 మీటర్ల దాకా వెళ్తారు. ప్రతి 100 మీటర్లకు సుమారు 0.6 డిగ్రీ చొప్పున వేడి తగ్గుతుంది. అంటే కింద సున్నా డిగ్రీలుంటే పైన మైనస్ 8 దాకా ఉంటుంది. గాలి తోడైతే ఒంటికి ఇంకా ఎక్కువ చలి అనిపిస్తుంది. డిసెంబరు 21 నుంచి 40 రోజుల కాలాన్ని కాశ్మీరీలు చిల్లై కలాన్ అంటారు. ఏడాదిలో అతి కఠినమైన చలి అప్పుడే.

చలిని తేలిగ్గా తీసుకోకూడదనడానికి జిల్లాలోనే ఒక పేరు ఉంది. ఆత్మకూరు పక్కనే ఉన్న సంగం మండలం గాంధీ జనసంగం గ్రామానికి చెందిన మల్లి మస్తాన్ బాబు 2006లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కారు. అంతటి అనుభవం ఉన్న మనిషి 2015లో ఆండీస్ పర్వతాల్లో ఒంటరిగా ఎక్కుతూ ప్రాణాలు కోల్పోయారు. పర్వతం ముందు ఎవరి అనుభవమూ పూర్తి రక్షణ కాదు. మొదటిసారి మంచు చూడబోయే కుటుంబం ఇంకెంత జాగ్రత్తగా ఉండాలో వేరే చెప్పనక్కర్లేదు.

ఉన్నిలో ఏముంది?

బట్ట తనంతట తాను వేడిని పుట్టించదు. ఒంటి వేడి బయటికి పోకుండా ఆపుతుంది, అంతే. ఉన్ని పోగు సహజంగానే వంకీలు తిరిగి ఉంటుంది. ఆ వంకీల మధ్య గాలి చిక్కుకుని ఉంటుంది. ఆ నిలిచిన గాలే చలికి అడ్డుగోడ.

రెండో గుణం ఇంకా ముఖ్యమైంది. ఉన్ని తన బరువులో దాదాపు మూడోవంతు తేమను లోపలికి పీల్చుకున్నా ముట్టుకుంటే తడిగా అనిపించదు. తేమను పీల్చేటప్పుడు కొద్దిగా వేడిని కూడా విడుదల చేస్తుంది. స్కీయింగ్ చేసేటప్పుడు, మంచులో నడిచేటప్పుడు చెమట బాగా పడుతుంది. ఆగి నిలబడగానే ఆ చెమట చల్లబడుతుంది. లోపల కాటన్ బనీను ఉంటే అది తడిసి ఒంటికి అతుక్కుని వేడిని లాగేస్తుంది. నెల్లూరు ఎండలో హాయినిచ్చే కాటన్ మంచులో శత్రువు అవుతుంది. కాటన్ బనీన్లు, కాటన్ సాక్సులు, జీన్స్ ప్యాంట్లు మంచు మీదికి వేసుకోకూడదు.

మూడోది, ఉన్ని త్వరగా వాసన పట్టదు. వారం రోజుల యాత్రకు లోపలి బట్టలు రెండు జతలుంటే సరిపోతాయి. నాలుగోది, నిప్పు తగిలినా చప్పున అంటుకోదు, కరిగి చర్మానికి అతుక్కోదు. కుంపటి దగ్గర కూర్చునేటప్పుడు ఇది పెద్ద తేడా.

దురద ఎందుకు పెడుతుంది?

‘ఉన్ని నాకు పడదు, దురద’ అనేవాళ్లు చాలామంది. చాలాసార్లు దానికి కారణం అలర్జీ కాదు, పోగు మందం. ఉన్ని పోగు మందాన్ని మైక్రాన్లలో కొలుస్తారు. 30 మైక్రాన్లు దాటిన పోగులు చర్మానికి ముల్లులా గుచ్చుకుంటాయి. గొంగళి పోగులు అంతకన్నా బాగా ముతక. పైగా నేశాక చింతగింజల గంజి పట్టిస్తారు. వానకు, ముళ్లకు అది బాగుంటుంది గానీ ఒంటిమీద నేరుగా కప్పుకోవడానికి కాదు.

మెరీనో గొర్రెల ఉన్ని సాధారణంగా 15 నుంచి 24 మైక్రాన్ల మధ్య ఉంటుంది. ఒంటికి తగిలే బనీను, లెగ్గింగ్ కొనేటప్పుడు 19 మైక్రాన్లు, అంతకన్నా తక్కువ ఉన్నది తీసుకుంటే పిల్లలకు కూడా ఇబ్బంది ఉండదు. మధ్య పొరగా వేసే స్వెటర్‌కు అంత సన్నదనం అక్కర్లేదు.

లేబుల్ మీద జీఎస్ఎం అని ఇంకో అంకె ఉంటుంది. అది చదరపు మీటరు బట్ట బరువు, గ్రాముల్లో. 150 జీఎస్ఎం పలచనిది, ఎక్కువగా కదిలేవాళ్లకు బాగుంటుంది. 200 నుంచి 250 జీఎస్ఎం మంచు ప్రాంతానికి సరిపడే మందం. ఊరికే కూర్చుని చూసే పెద్దవాళ్లకు మందంది, స్కీయింగ్ చేసే కుర్రవాళ్లకు కాస్త పలచనిది తీసుకోవాలి.

మూడు పొరల పద్ధతి

ఒకే మందపాటి స్వెటర్ కన్నా మూడు పలచని పొరలు ఎక్కువ పనిచేస్తాయి. పొరల మధ్య కూడా గాలి నిలుస్తుంది. వేడెక్కితే ఒకటి తీసేయవచ్చు.

మొదటి పొర ఒంటికి అంటుకుని ఉండే మెరీనో బనీను, లెగ్గింగ్. వదులుగా ఉంటే పనిచేయదు. మెరీనో ఖరీదు ఎక్కువ అనిపిస్తే పాలియెస్టర్ థర్మల్స్ కూడా పనికొస్తాయి, కాటన్ కలిసినవి మాత్రం వద్దు.

రెండో పొర ఉన్ని స్వెటర్ లేదా ఫ్లీస్ జాకెట్. వేడిని నిలిపేది ప్రధానంగా ఇదే.

మూడో పొర గాలిని, మంచు తడిని ఆపే జాకెట్, ప్యాంటు. ఇది ఉన్నిది కాకూడదు. ఎంత మంచి ఉన్ని స్వెటర్ అయినా గాలి దాని కళ్లలోంచి దూరిపోతుంది. మంచులో పడితే పైన మంచు పేరుకుని తడిసి బరువెక్కుతుంది.

అన్నీ కొనాల్సిన పని కూడా లేదు. గుల్మార్గ్‌లో జాకెట్లు, ప్యాంట్లు, బూట్లు, స్కీలు అద్దెకు దొరుకుతాయి. చర్మానికి తగిలేవి, అంటే బనీన్లు, సాక్సులు, టోపీ, చేతి గ్లౌజులు, సొంతంగా కొనుక్కోవాలి. మిగతావి అద్దెకు తీసుకోవచ్చు. అద్దె బూటు లోపల తడిగా ఉందేమో చెయ్యి పెట్టి చూసి మరీ తీసుకోవాలి.

చదువుకు వెళ్లే పిల్లల విషయంలోనూ ఇదే సూత్రం. లోపలి ఉన్ని బట్టలు, సాక్సులు ఇక్కడి నుంచి పంపవచ్చు. బిష్కెక్, కజాన్ లాంటి చోట్ల చలికి తగ్గ పెద్ద కోటు, బూట్లు అక్కడి దుకాణాల్లోనే కొనుక్కోవడం మంచిది. ఆ చలికి తగినట్టు కుట్టినవి అక్కడే దొరుకుతాయి.

పాదాలు, చేతులు, తల

చలి దెబ్బ మొదట తగిలేది వేళ్లకు, చెవులకు, ముక్కుకు. చలి ఎక్కువగా ఉందని రెండు జతల సాక్సులు తొడగడం చాలామంది చేసే పని. స్కీ బూటు బిగుతుగా ఉంటుంది. రెండు జతలు తొడిగితే రక్తం ఆడదు, పాదాలు ఇంకా చల్లబడతాయి. మోకాలి దాకా వచ్చే ఉన్ని సాక్సులు ఒక్క జత చాలు. జేబులో ఇంకో పొడి జత ఉంచుకోవాలి.

వేళ్లు విడివిడిగా ఉండే గ్లౌజు కన్నా నాలుగు వేళ్లూ ఒకే సంచిలో ఉండే మిటెన్ వెచ్చగా ఉంటుంది. లోపల పలచని ఉన్ని గ్లౌజు, పైన తడి ఆగే గ్లౌజు వేస్తే ఇంకా మంచిది. ఉన్ని గ్లౌజు ఒక్కటే వేసుకుని పిల్లలు మంచు ముద్దలు చేస్తే పది నిమిషాల్లో తడిసిపోతుంది.

ఆడవాళ్లు స్కీ లిఫ్టు, గొండోలా దగ్గర దుపట్టా, పొడవాటి స్కార్ఫ్ కొసలు వేలాడకుండా జాకెట్ లోపలికి దోపుకోవాలి. యంత్రంలో చిక్కుకుంటే ప్రాణానికే ప్రమాదం. పలచని మెరీనోతో చేసిన, తల మీంచి తొడుక్కునే హిజాబ్ లేదా మెడ, చెవులు కప్పే గొట్టం లాంటి మఫ్లర్ హెల్మెట్ కింద చక్కగా ఇముడుతుంది. హెల్మెట్ కింద పిన్నులు పెట్టకూడదు, పడితే గుచ్చుకుంటాయి. నేలను తాకే బుర్ఖా అంచు మంచులో తడిసి గడ్డకడుతుంది. మోకాలి కిందిదాకా వచ్చే వదులు జాకెట్, వదులు స్కీ ప్యాంటు పర్దాకూ సరిపోతాయి, నడవడానికీ వీలుగా ఉంటాయి.

వుజూ, నమాజ్, ఇహ్రామ్ విషయాలు

మంచు ప్రాంతంలో వుజూ చేశాక పాదాలు, వేళ్ల సందులు, మణికట్లు తుండుగుడ్డతో పూర్తిగా తుడుచుకున్నాకే సాక్సులు తొడగాలి. తడి పాదాలతో బూటు వేసుకుంటే అదే చలి దెబ్బకు దారి. చలి ప్రాంతాల్లో చాలామంది చర్మపు మోజాలు, అంటే ఖుఫ్ఫైన్, వాడేది ఇందుకే. వుజూతో ఉన్నప్పుడు వాటిని తొడుక్కుంటే, తర్వాతి వుజూలలో పాదాలు కడగకుండా పైన మసహ్ చేసుకోవచ్చు. స్థానికంగా ఉన్నవారికి ఒక పగలు, ఒక రాత్రి, ప్రయాణికుడికి మూడు పగళ్లు, మూడు రాత్రులు గడువు. మామూలు పలచని ఉన్ని సాక్సుల మీద మసహ్ హనఫీ మజ్హబ్‌లో చెల్లదు. సాక్సులు ఎంత మందంగా ఉంటే చెల్లుతాయన్నది బయలుదేరే ముందే మసీదు ఇమామ్‌ను అడిగి తెలుసుకోవాలి.

మగవాళ్లు లేబుల్‌లో పట్టు ఉందేమో చూసుకోవాలి. ఖరీదైన థర్మల్స్ కొన్ని పూర్తి పట్టుతోనో, ఉన్ని, పట్టు కలిపో చేస్తారు. స్వచ్ఛమైన పట్టు మగవాళ్లకు నిషిద్ధం కాబట్టి పూర్తి ఉన్నివి ఎంచుకుంటే సందేహమే ఉండదు. ఉన్ని విషయంలో అలాంటి చింత లేదు. అరబీలో ‘సూఫ్’ అంటే ఉన్ని. ముతక ఉన్ని వస్త్రం కట్టుకున్న సాధువుల నుంచే ‘సూఫీ’ అన్న మాట వచ్చిందని ఎక్కువమంది పండితులు చెబుతారు.

చలికాలం ఉమ్రాకు వెళ్లేవారికి మక్కాలో పెద్దగా చలి ఉండదు. మదీనా రాత్రులు మాత్రం 10 డిగ్రీల దగ్గరికి వస్తాయి. ఇహ్రామ్‌లో ఉన్న మగవాళ్లు కుట్టిన స్వెటర్, టోపీ, సాక్సులు వేసుకోకూడదు. కుట్టని ఉన్ని శాలువాను భుజాల మీద కప్పుకోవచ్చు, తల మీద కాదు. ఆడవాళ్లు మామూలు ఉన్ని బట్టలు వేసుకోవచ్చు.

అసలుదా, నకిలీదా?

చలికాలం రాగానే ఆంధ్ర పట్టణాల్లో టిబెటన్ల స్వెటర్ దుకాణాలు వెలుస్తాయి. అక్కడా, బజార్లోనూ దొరికే వాటిలో చాలా భాగం లూథియానా నుంచి వచ్చే యాక్రిలిక్ స్వెటర్లు. యాక్రిలిక్ చెడ్డదని కాదు. మన ఊళ్లకు అది చాలు, ఉతకడం తేలిక, ధర తక్కువ. కానీ ఉన్ని ధర పెట్టి యాక్రిలిక్ కొనుక్కుని మంచులోకి వెళ్లడమే నష్టం.

మొదట లోపలి లేబుల్ చదవాలి. ‘ఉన్ని 100 శాతం’ అని స్పష్టంగా ఉండాలి. ‘వుల్ టచ్’, ‘వుల్ ఫీల్’ లాంటి మాటలకు అర్థం లేదు. 1964లో మొదలైన వుల్‌మార్క్ గుర్తు, అంటే నల్లని చారలతో చుట్టిన దారపు ఉండ బొమ్మ, ఉంటే స్వచ్ఛమైన కొత్త ఉన్ని అని అర్థం. అదే గుర్తు కింద ‘బ్లెండ్’ అని ఉంటే వేరే నూలు కలిసిందని తెలుసుకోవాలి.

అనుమానం ఉంటే లోపలి కుట్టు నుంచి ఒక పోగు తీసి, చిమటాతో పట్టుకుని, నీళ్ల పళ్లెం మీద కాల్చి చూడాలి. ఉన్ని మెల్లగా కాలుతుంది, వెంట్రుక కాలిన వాసన వస్తుంది, మంట తీయగానే ఆరిపోతుంది, బూడిద వేళ్ల మధ్య పొడి అవుతుంది. యాక్రిలిక్ కరుగుతుంది, చివర గట్టి పూస మిగులుతుంది. కాటన్, విస్కోస్ అయితే కాగితం కాలిన వాసన. పట్టు కూడా ఉన్నిలాగే వెంట్రుక వాసన వస్తుందని గుర్తుంచుకోవాలి.

కాశ్మీర్‌లో అందరూ అడిగేది పష్మీనా. ఇది గొర్రెది కాదు, లడఖ్‌లోని చాంగ్‌థాంగీ మేక లోపలి నూగు. పోగు మందం 12 నుంచి 16 మైక్రాన్లే. ఒక్కో మేక నుంచి ఏడాదికి దొరికేది కొద్ది వందల గ్రాములు మాత్రమే. అందుకే కొన్ని వందల రూపాయలకు ఇచ్చే ‘పష్మీనా’ పష్మీనా కాదు, ఎక్కువగా విస్కోస్. ఉంగరంలోంచి శాలువా దూర్చి చూపించడం రుజువు కాదు, పలచని బట్ట ఏదైనా దూరుతుంది. కాశ్మీర్ పష్మీనాకు భౌగోళిక గుర్తింపు ఉంది. శ్రీనగర్‌లో పరీక్షించి ముద్ర వేసే కేంద్రం ఉంది. ఆ ముద్ర ఉన్నదే కొనాలి. ఎవరైనా రహస్యంగా షాతూష్ చూపిస్తే ముట్టుకోకూడదు. టిబెట్ జింకను చంపితేగానీ ఆ నూగు రాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని అమ్మడం, కొనడం నేరం.

ప్రాణం మీదికి వచ్చే రెండు సంగతులు

మొదటిది చలి దెబ్బ. వేలు, చెవి తెల్లబడి, మొద్దుబారితే వెంటనే లోపలికి తీసుకెళ్లాలి. మంచుతో రుద్దకూడదు. మంట దగ్గర పెట్టకూడదు, స్పర్శ లేని చర్మం కాలినా తెలియదు. 37 నుంచి 39 డిగ్రీల గోరువెచ్చని నీళ్లలో ఉంచి డాక్టర్‌కు చూపించాలి. షుగర్ ఉన్న పెద్దవాళ్లకు పాదాల్లో స్పర్శ ముందే తక్కువగా ఉంటుంది కాబట్టి గంటకోసారి వాళ్ల పాదాలను ఇంట్లోవాళ్లే చూడాలి. మనిషి ఆగకుండా వణుకుతూ, మాట తడబడుతూ, తూలుతూ ఉంటే ఒంటి వేడి 35 డిగ్రీల కన్నా పడిపోయి ఉండొచ్చు. తడి బట్టలు విప్పి, పొడి ఉన్ని దుప్పట్లు చుట్టి, ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి చేర్చాలి.

రెండోది కుంపటి. కాశ్మీరీలు ఫెరాన్ లోపల కాంగ్రీ పెట్టుకుంటారు, అది వాళ్లకు చిన్నప్పటి నుంచీ అలవాటైన పని. తలుపులు, కిటికీలు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని నిద్రపోతే కార్బన్ మోనాక్సైడ్ వల్ల నిద్రలోనే ప్రాణం పోతుంది. ఆ వాయువుకు రంగు, వాసన ఉండవు. రాత్రి వెచ్చదనం ఉన్ని దుప్పట్ల నుంచి, రజాయి నుంచి రావాలిగానీ బొగ్గుల నుంచి కాదు.

తిరిగొచ్చాక భద్రం చేయడం

ఉన్ని పోగు మీద చేప పొలుసుల్లాంటి పొరలుంటాయి. వేడి నీళ్లు, సబ్బు, రుద్దడం మూడూ కలిస్తే ఆ పొలుసులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని బట్ట ముడుచుకుపోతుంది. పెద్దవాళ్ల స్వెటర్ పిల్లలకు సరిపోయేంత అవుతుంది, మళ్లీ సాగదు. ‘మెషిన్ వాష్’ అని లేబుల్ ఉంటేనే మెషిన్‌లో వేయాలి. లేకపోతే చల్లని నీళ్లలో, ఉన్ని కోసం అమ్మే మెత్తని లిక్విడ్‌తో, పిండకుండా ఉతకాలి. బట్టల బ్లీచ్ ఉన్నిని కరిగించేస్తుంది. ఎంజైములున్న డిటర్జెంట్ పౌడర్లు కూడా పోగును తినేస్తాయి. తుండుగుడ్డలో చుట్టి నీళ్లు ఒత్తి, నీడలో పరిచి ఆరబెట్టాలి. తీగ మీద వేలాడదీస్తే సాగిపోతుంది.

ఉన్నిని కొరికేది ఒక రకం చిమ్మట పురుగు. దానికి చెమట, నూనె మరకలున్న బట్ట మరీ ఇష్టం. కాబట్టి వాడిన బట్టను ఉతక్కుండా పెట్టెలో పెట్టకూడదు. బాగా ఆరాక గాలి చొరని కవరులో పెట్టి మూయాలి. నెల్లూరు ఉక్కకు, వానాకాలం చెమ్మకు నెలకోసారి తీసి దులిపి, కాసేపు ఎండ చూపించాలి. వేపాకు పెడితే తప్పు లేదుగానీ దాని మీదే నమ్మకం పెట్టుకోకూడదు. నాఫ్తలీన్ ఉండలు పెడితే పిల్లలకు అందకుండా చూడాలి. ఆ బట్టలను మళ్లీ గాలికి ఆరేసి, ఉతికాకే తొడగాలి. జీ6పీడీ లోపం ఉన్న పసిపిల్లలకు ఆ వాసన పట్టిన బట్టలు కూడా ప్రమాదమే.

ఒక్కొక్కరికి కావలసినవి, వారం యాత్రకు

ఒంటికి అంటే ఉన్ని బనీను, లెగ్గింగ్ రెండు జతలు. మోకాలి దాకా వచ్చే ఉన్ని సాక్సులు మూడు జతలు. ఉన్ని స్వెటర్ లేదా ఫ్లీస్ ఒకటి. చెవులు కప్పే ఉన్ని టోపీ లేదా మెరీనో హిజాబ్ ఒకటి. మెడకు గొట్టం మఫ్లర్ ఒకటి. లోపలి గ్లౌజు, పై గ్లౌజు ఒక్కో జత. తుండుగుడ్డలు రెండు, ఒకటి వుజూకు విడిగా. మంచులో ఎండ కళ్లకు కొట్టకుండా నల్ల కళ్లద్దాలు. జాకెట్, ప్యాంటు, బూట్లు, హెల్మెట్ అక్కడ అద్దెకు. డబ్బు తక్కువగా ఉంటే ముందు సాక్సులు, లోపలి బనీను మంచివి కొనాలి. స్వెటర్ ఇంట్లో ఉన్నదైనా సర్దుకోవచ్చు.